దవడ పక్కన నొప్పితో వాపు: కారణం ఏమై ఉండొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

దవడ వాచిందని డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి గోళీలు వేసుకుని ఉంటారు. కొందరికి వాపు సగం తగ్గి ఉంటుంది కూడా. చిక్కంతా ఆ సగం తగ్గడంతోనే వస్తుంది. లోపల వాచింది పన్నా, ఉమ్మి గ్రంథా, బిళ్ళా, ఎముకా అన్నది తేలకుండానే విషయం మరుగున పడిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో అదే చోట మళ్ళీ లేస్తుంది, ఈసారి ఇంకాస్త లోతుగా. కింది జవాబులు చదివాక ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఎంత తొందరగా వెళ్ళాలో మీకు తెలిస్తే చాలు. రోగం పేరు తేల్చే పని డాక్టరుకు వదిలేయండి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఇదంతా చదవకుండా ముందు ఆసుపత్రికి పరిగెత్తాలి?

ఊపిరి ఆడటం కష్టమైనా, గుటక పడకపోయినా, ఉమ్మి మింగలేక నోటి వెంట కారుతున్నా ఆగకండి. నాలుక కింది భాగం వాచి నాలుక పైకి లేవడం, మాట ముద్దముద్దగా రావడం, గడ్డం కింద రెండు వైపులా చెక్కలా గట్టిపడటం, వాపు మెడలోకి దిగడం లేదా కంటి వైపు ఎక్కడం, నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం, వణుకుతో జ్వరం రావడం, మనిషి మగతగా ఉండటం కూడా అంతే ప్రమాదం. 108కి ఫోన్ చేయండి. దంతాల క్లినిక్ తెరిచే వేళ కోసం చూడొద్దు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్ళండి. దారిలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి.

గడ్డం కింద రెండు వైపులా ఇలా పాకే ఇన్‌ఫెక్షన్‌ను లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. 1836లో దీన్ని వివరించిన జర్మన్ వైద్యుడు లుడ్విగ్ పేరే దానికి స్థిరపడింది. పేరులో ఆంజైనా ఉన్నా గుండెకు సంబంధం లేదు. చాలా కేసుల్లో మూలం కింది దవడలో చివరి రెండు దంతాల్లో ఒకటి. యాంటీబయాటిక్స్ రాకముందు ఇది సోకినవాళ్ళలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు బతికించగలం, కానీ శ్వాసనాళం మూసుకుపోకముందే వస్తేనే. పొద్దున బుగ్గ వాపుగా మొదలైంది రాత్రికి ఊపిరి సమస్యగా మారిన సందర్భాలు ఉంటాయి. అందుకే వాపు ఎంత పెద్దగా ఉందన్నదాని కంటే ఎంత వేగంగా పెరుగుతోందన్నది ముఖ్యం.

వాపు ఎక్కడుందో చూసి కారణం చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. అద్దం ముందు నిలబడి చూసుకోండి. వాపు చెవి తమ్మెకు ముందూ కిందా ఉండి తమ్మెను పైకి నెడుతుంటే అది పెరోటిడ్ అనే ఉమ్మి గ్రంథి కావచ్చు. గవదబిళ్ళల్లో వాచేది ఇదే. దవడ ఎముక అంచుకు లోపలగా, కింద గుండ్రంగా తగులుతుంటే కింది ఉమ్మి గ్రంథి గానీ, బిళ్ళ కట్టడం గానీ అయ్యుంటుంది. ఎముక మీదే, బుగ్గకు అంటుకుని ఉంటే ముందు పన్నును అనుమానించాలి. దవడ మూలన ఉండి నోరు తెరవడం కష్టంగా ఉంటే జ్ఞానదంతం. చర్మం మీదే ఎర్రగా, మధ్యలో తెల్లటి మొనతో ఉంటే సెగగడ్డ, మగవాళ్ళలో గడ్డం గీసుకునే చోట ఇది మామూలే.

కానీ ఈ భాగాలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా ఉంటాయి. వాపు పెరిగే కొద్దీ హద్దులు చెరిగిపోతాయి. మొదటి రోజు ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోండి, వీలైతే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరుకు అది బాగా పనికొస్తుంది.

పోయిన నెల పన్ను నొప్పి వచ్చి దానంతట అదే తగ్గింది. ఇప్పుడు అక్కడే వాపు. ఎందుకలా?

నొప్పి ఆగింది పన్ను బాగైనందుకు కాదు, లోపలి నరం చచ్చిపోయినందుకు. పిప్పి లోతుకు దిగాక పన్ను గుజ్జులో నరాలూ రక్తనాళాలూ కుళ్ళిపోతాయి. అప్పుడు చల్లటివీ వేడివీ తగిలినా జివ్వుమనడం ఆగిపోతుంది. మనిషి హమ్మయ్య అనుకుంటాడు. బ్యాక్టీరియా మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి దిగుతుంది. అక్కడ చీము పట్టాక పన్ను కాస్త ఎత్తు పెరిగినట్టు అనిపిస్తుంది, పై పన్ను తగిలితే ప్రాణం లేచిపోతుంది. చీము ఎముకను తొలుచుకుని బయటి కండలోకి వచ్చాక లోపలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నొప్పి కొంచెం తగ్గి, బుగ్గ ఉబ్బుతుంది. ఈ దశలో నొప్పి తగ్గిందని ధైర్యపడితే మోసపోయినట్టే.

చీము పైకి వస్తుందా, లోపలికి దిగుతుందా అన్నది వేరు పొడవును బట్టి ఉంటుంది. కింది దవడలో చివరి రెండు దంతాల వేర్లు నోటి అడుగున ఉండే కండర పొర కంటే కిందికి దిగి ఉంటాయి. వాటి చీము చిగురు మీదికి రాకుండా నేరుగా దవడ కిందికి, మెడ వైపుకు పోతుంది. ముందరి పళ్ళ చీముకూ ఈ చివరి పళ్ళ చీముకూ ఉన్న తేడా ఇదే.

మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కున్నాను, వాపు పోయింది. ఇంకా పన్ను డాక్టరు దేనికి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అందరికీ చేరితే ఆసుపత్రుల్లో చేరేవాళ్ళు చాలా తగ్గుతారని నమ్ముతాను.

మందు రక్తంతో పాటే ప్రయాణిస్తుంది. చచ్చిపోయిన పన్ను లోపలికి రక్తం పోదు. అందువల్ల చుట్టుపక్కల కండలో ఉన్న బ్యాక్టీరియా చస్తుంది గానీ పన్ను లోపల కాపురమున్నది అలాగే ఉంటుంది. కోర్సు ఆగాక మళ్ళీ బయటికి వస్తుంది. చీము బయటికి తీయాలి, ఆ తరవాత రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను పీకాలి. ఇవి చేస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషికి చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరం కూడా రాదు. జ్వరం ఉన్నా, వాపు పాకుతున్నా, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నా మాత్రం మందు తప్పదు. అది కూడా మీ వయసు, బరువు, కిడ్నీల పరిస్థితి, మందుల ఎలర్జీ చూసి రాయాలి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటున్నప్పుడు, ఆపాక కూడా మూడు రోజుల వరకూ, మద్యం ముట్టొద్దు. కౌంటర్లో ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకా ప్రమాదమైనది స్టెరాయిడ్. కొన్ని ఊళ్ళలో ఆర్‌ఎంపీలు ఇచ్చే గోళీల పొట్లంలో డెక్సామెథసోన్ లాంటిది కలిసి ఉంటుంది. తెల్లారేసరికి వాపు దిగుతుంది, మంచి హస్తవాసి అనుకుంటారు. స్టెరాయిడ్ వాపును అణిచిపెడుతుందే తప్ప ఇన్‌ఫెక్షన్‌ను ఏమీ చేయదు. పైగా దానితో పోరాడే శక్తిని తగ్గిస్తుంది, షుగర్ పెంచుతుంది. పొట్లంలో ఏముందో పేరు రాసి ఇవ్వమని అడిగే హక్కు మీకుంది.

వదిలేసిన చీము ఒక్కోసారి దారి చేసుకుని చిగురు మీద చిన్న పొక్కులా తెరుచుకుంటుంది. ఒక్కోసారి బయట దవడ చర్మం మీదే తెరుచుకుంటుంది. దాన్ని చర్మం పుండు అనుకుని నెలల తరబడి ఆయింట్‌మెంట్లు రాసేవాళ్ళున్నారు. దవడ అంచున మానని పుండు ఉంటే, నొప్పి లేకపోయినా సరే, ఒకసారి పళ్ళకు ఎక్స్‌రే తీయించండి.

వాపు ఉండగా పన్ను పీకకూడదంటారు, నిజమేనా?

మన దగ్గర బాగా పాతుకుపోయిన మాట ఇది. చీము ఉన్న చోట మత్తు ఇంజెక్షన్ సరిగ్గా పని చేయదు, అక్కడి నుంచే ఈ భయం పుట్టి ఉంటుంది. కానీ కాస్త దూరంగా నరం మొదట్లో మత్తు ఇచ్చి చేసే పద్ధతులున్నాయి. కారణమైన పన్నును త్వరగా తీసేస్తే చీముకు దారి దొరుకుతుంది, వాపు త్వరగా దిగుతుంది. ఏ రోజు పీకాలన్నది డాక్టరు నిర్ణయం. వాపు పూర్తిగా పోయే వరకు ఇంట్లో ఆగుదామన్నది మాత్రం మంచి నిర్ణయం కాదు. పై పన్ను పీకితే చూపు పోతుందన్న మాటలోనూ నిజం లేదు.

కాపడం పెట్టొచ్చా? లవంగ నూనె, కర్పూరం?

పన్ను వాపుకు బయట వేడి కాపడం వద్దు. చీము చర్మం వైపుకు లాగే అవకాశం ఉంది. గోరువెచ్చటి ఉప్పు నీళ్ళు నోట్లో పట్టి పుక్కిలించండి, అది మంచిది. బయట చల్లటి గుడ్డ వేసుకోవచ్చు. లవంగ నూనె దూదితో పిప్పిలో ఒక చుక్క పెడితే కాసేపు తిమ్మిరిస్తుంది. చిగురంతా పూస్తే కాలి పుండవుతుంది. నొప్పి గోళీని నలిపి చిగురు మీద పెట్టడం ఇంకా చెడ్డ అలవాటు, తెల్లగా కాలిన మచ్చతో వస్తారు. నొప్పికి పెద్దవాళ్ళకు పారాసిటమాల్ సురక్షితం, మోతాదు దాటనంతవరకు. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా వేసుకోకూడదు. వాచిన చోటును గట్టిగా నొక్కి, సూదితో పొడిచి చీము తీసే ప్రయత్నం చేయొద్దు.

నాకు 21 ఏళ్ళు. దవడ మూలన వాచింది, నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు.

జ్ఞానదంతం చాలామందికి 17 నుంచి 25 ఏళ్ళ మధ్య వస్తుంది. చోటు చాలక సగమే పైకి వచ్చినప్పుడు మిగతా సగాన్ని చిగురు మూతలా కప్పి ఉంటుంది. ఆ మూత కింద అన్నం ఇరుక్కుని కుళ్ళుతుంది, చిగురు వాస్తుంది, దాన్ని పై పన్ను ప్రతిసారీ కొరుకుతుంది. నమిలే కండరం పక్కనే ఉండటం వల్ల నోరు బిగుసుకుపోతుంది. లోపల శుభ్రం చేయించి, ఉప్పు నీళ్ళతో పుక్కిలిస్తే మొదటిసారి తగ్గుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఎక్స్‌రే చూసి తీయించడమే మేలు. పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేసేవాళ్ళకు సరిగ్గా పరీక్షల వారంలోనే లేస్తుంది.

అన్నం ముందు కూర్చోగానే దవడ కింద ఉబ్బి నొప్పి పెడుతుంది, గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. ఇదేం రోగం?

మీరు చెప్పిన ఈ ఒక్క వాక్యంతోనే డాక్టరు సగం తేల్చేస్తారు. ఉమ్మి గొట్టంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు. ఆవకాయ వాసన తగిలినా చాలు, గ్రంథి ఉమ్మి తయారుచేయడం మొదలుపెడుతుంది. దారి మూసుకుని ఉంటే అది వెనక్కి తన్ని గ్రంథి ఉబ్బుతుంది. భోజనం అయ్యాక మెల్లగా రాయి పక్కనుంచి కారి తగ్గుతుంది. మధ్యాహ్నం ఉబ్బి, సాయంత్రానికి తగ్గి, రాత్రి భోజనానికి మళ్ళీ ఉబ్బడం దీని గుర్తు.

ఉమ్మి రాళ్ళలో దాదాపు 80 శాతం దవడ కింద ఉండే ఈ గ్రంథిలోనే వస్తాయి. దాని ఉమ్మి చిక్కగా ఉంటుంది, గొట్టం పొడవుగా ఉంటుంది, కింది నుంచి పైకి ఎక్కి నాలుక కింద తెరుచుకోవాలి. ఎక్కువగా కాల్షియంతోనే ఈ రాళ్ళు తయారవుతాయి గానీ, పాలు తాగినందుకో టమాటా తిన్నందుకో రావు. కిడ్నీ రాళ్ళున్నాయి కాబట్టి ఇవి కూడా వచ్చాయనుకోనక్కర్లేదు. నీళ్ళు సరిగ్గా తాగకపోవడం, నోరు ఎండబెట్టే మందులు, పొగాకు వీటికి తోడ్పడతాయి.

చిన్న రాయైతే నీళ్ళు బాగా తాగుతూ, నిమ్మ ముక్క చప్పరిస్తూ, గ్రంథిని వెనక నుంచి ముందుకు మెల్లగా నిమురుతూ ఉంటే ఒక్కోసారి దానంతట అదే జారిపోతుంది. ఇక్కడ గోరువెచ్చటి కాపడం పెట్టుకోవచ్చు. కానీ జ్వరం వచ్చి, నాలుక కింద నుంచి చీము రుచి తగులుతుంటే ఇంటి వైద్యం ఆపేయండి. అల్ట్రాసౌండ్‌లోనో స్కాన్‌లోనో రాయి కనిపిస్తుంది. నాలుక కింద దగ్గరగా ఉంటే చిన్న కోతతో తీస్తారు, లోపల ఉంటే సన్నటి కెమెరా గొట్టంతో తీసే పద్ధతి ఉంది. గ్రంథి మొత్తం తీసేయాల్సిన అవసరం ఇప్పుడు బాగా తగ్గింది.

రాయి లేకుండా కూడా ఈ గ్రంథులకు చీము పడుతుంది. మంచం పట్టిన పెద్దవాళ్ళు, ఎండాకాలం నీళ్ళు తాగనివాళ్ళు, ఆపరేషన్ తరవాత నోరు ఎండిపోయినవాళ్ళు జాగ్రత్త. ఇంట్లో తాతగారికో అమ్మమ్మకో చెవి ముందు ఎర్రగా వాచి జ్వరం వస్తే వయసు వల్ల అనుకుని ఊరుకోకండి.

మా అబ్బాయికి చెవుల కింద రెండు వైపులా వాచింది. గవదబిళ్ళలా? టీకాలన్నీ వేయించాం కదా?

ముందు టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో వేసేది ఎంఆర్, అంటే తట్టుకూ రుబెల్లాకూ మాత్రమే. గవదబిళ్ళలకు రక్షణ ఇచ్చేది ఎంఎంఆర్, అది ప్రైవేటుగా వేయించుకోవాలి. టీకాలన్నీ వేయించామని నిజాయితీగా చెప్పే తల్లిదండ్రుల పిల్లలకు ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. వాళ్ళ తప్పేమీ లేదు. ఎంఎంఆర్ వేసినా కొందరికి రావచ్చు, తేలిగ్గా పోతుంది.

సోకిన రెండు మూడు వారాలకు జ్వరం, ఒళ్ళు నొప్పులతో మొదలై ఒక వైపు వాచి, రెండు రోజుల్లో చాలామందికి రెండో వైపు కూడా వాస్తుంది. పులుపు తింటే నొప్పి పెరుగుతుంది. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పని చేయదు. మెత్తటి జావ, పెరుగన్నం, నీళ్ళు, పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వాపు మొదలయ్యాక 5 రోజులు బడికి పంపొద్దు. పసుపో సున్నమో పట్టు వేయడం తరతరాలుగా ఉంది. పసుపుతో హాని లేదు గానీ సున్నం పసి చర్మాన్ని కాలుస్తుంది. వాతలు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

యుక్తవయసు దాటిన మగవాళ్ళకు వృషణాలు వాయవచ్చు. పిల్లలు పుట్టకుండా పోవడం అరుదే అయినా డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పాలి. విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం, ఆగని వాంతులు, కడుపు నొప్పి, వినికిడి తగ్గడం ఉంటే వెంటనే చూపించండి.

దవడ కింద బిళ్ళ కట్టింది. ఎన్నాళ్ళు చూడొచ్చు?

గొంతు నొప్పి, పన్ను, చిగురు, తలలో పుండ్లు, చెవి, వీటిలో దేనికైనా బిళ్ళ కడుతుంది. నొప్పిగా ఉండి, వేలితో కదిలిస్తే జారుతూ ఉంటే సాధారణంగా ఇన్‌ఫెక్షనే. అసలు జబ్బు తగ్గాక రెండు మూడు వారాల్లో కుదించుకుపోతుంది. అంతకు మించి ఉన్నా, పెరుగుతున్నా, ఒకదానికొకటి అంటుకుని గుత్తిగా తగిలినా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా క్షయ పరీక్ష చేయించాలి. మన పెద్దలు గండమాల అన్నది చాలావరకు ఇదే. సూదితో కొంచెం తీసి పరీక్షిస్తారు. సూది పొడిస్తే పాకుతుందన్న భయం పెట్టుకోవద్దు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, మామూలు కేసుల్లో 6 నెలల కోర్సు. పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా బిళ్ళలో మాత్రమే ఉంటే దగ్గుతో ఇతరులకు అంటదు, కాబట్టి ఆ మనిషికి కంచం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు.

బండి మీద నుంచి పడ్డాక దవడ వాచింది.

పళ్ళు ముందులా కలవకపోయినా, కింది పెదవి తిమ్మిరెక్కినా, చిగురు చీలి రక్తం వచ్చినా ఎముక విరిగిందేమో చూడాలి. గడ్డానికి దెబ్బ తగిలితే చెవి దగ్గరి కీలు విరగడం మామూలే, అందుకే రెండు వైపులా ఎక్స్‌రే తీస్తారు.

నాకు షుగర్ ఉంది. తేడా ఏమైనా ఉందా?

చాలా ఉంది. షుగర్ ఎక్కువగా ఉంటే చీము వేగంగా పాకుతుంది, చీము పడితే షుగర్ ఇంకా పెరుగుతుంది. అందరూ రెండు రోజులు చూసే వాపును మీరు ఒక్క రోజు కూడా చూడకండి. పై దవడ, బుగ్గ వాచి, ముక్కు ఒక వైపు మూసుకుపోయి, పళ్ళు కదిలి, అంగిలి నల్లబడుతుంటే అది 2021లో కోవిడ్ రెండో వేవ్ తరవాత మనందరం విన్న బ్లాక్ ఫంగస్ కావచ్చు. గంటలు లెక్కపెట్టుకుని పెద్దాసుపత్రికి చేరాలి.

ఇంకో మాట. ఎముకలు గుల్లబారకుండా గానీ, క్యాన్సర్ ఎముకకు పాకినందుకు గానీ జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళు, మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్ళు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదం ఉంది.

క్యాన్సర్ కావచ్చా?

నొప్పితో హఠాత్తుగా వచ్చిన వాపుల్లో ఎక్కువ భాగం ఇన్‌ఫెక్షన్లే. క్యాన్సర్ మొదట్లో నొప్పి లేకుండా ఉంటుంది, అందుకే ఆలస్యంగా దొరుకుతుంది. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ, చుట్ట, బీడీ అలవాటున్నవాళ్ళు ఈ జవాబు రెండుసార్లు చదవాలి. రెండు వారాలు దాటినా మానని నోటి పుండు, కారణం లేకుండా కదిలే పన్ను, కింది పెదవి తిమ్మిరి, పన్ను పీకిన చోట మానకుండా పెరిగే కండ, మెడలో రాయిలాంటి గట్టి బిళ్ళ, చెవి ముందు వాపుతో పాటు మూతి ఒక వైపుకు పోవడం ఉంటే ముక్క పరీక్ష ఆలస్యం చేయొద్దు. వక్క నమిలేవాళ్ళకు బుగ్గలు బిగుసుకుని నోరు రానురాను చిన్నదవుతుంటే అది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. అది అంగిలిని కాలుస్తుంది, అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుందని దశాబ్దాల కిందటే తేలింది. మీ ఇంట్లో అమ్మమ్మకు ఈ అలవాటు ఉంటే టార్చి వేసి అంగిలి చూడండి, పళ్ళు లేవు కదా అని వదిలేయకండి. పొగాకు మానాలనుకునేవాళ్ళకు 1800 112 356 అనే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

గర్భంతో ఉన్నాను. కాన్పయ్యే వరకు ఆగాలా?

ఆగొద్దు. చీము తల్లికీ బిడ్డకూ చికిత్స కంటే ఎక్కువ హాని. పొట్టకు రక్షణ ఇచ్చి పన్ను ఎక్స్‌రే తీయొచ్చు. పారాసిటమాల్ వాడొచ్చు. ఐబుప్రొఫెన్, డాక్సీసైక్లిన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. ఎన్నో నెలో ముందే చెప్పండి.

వాపేమీ లేదు, దవడ మాత్రం లాగుతోంది.

నమిలేటప్పుడు, ఆవలించేటప్పుడు చెవి ముందు టక్కుమని నొప్పి పెడితే దవడ కీలు. నడిస్తేనో మెట్లెక్కితేనో దవడ లాగి, కూర్చుంటే తగ్గితే, లేదా ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం తోడైతే గుండె. అప్పుడు పన్ను డాక్టరు దగ్గరికి కాదు, ఈసీజీ ఉన్న చోటికి వెళ్ళండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళాక ఏం చెప్పాలి?

పన్ను మీద అనుమానం ఉంటే దంతవైద్యుడు. భోజనంతో ఉబ్బే వాపు, చెవి ముందు వాపు, మానని బిళ్ళ అయితే ఈఎన్‌టీ. దవడ విరిగినా, చీము పాకినా నోరు, దవడల సర్జన్. పిల్లలకు ముందు పిల్లల డాక్టరు. ఖర్చుకు వెనకాడేవాళ్ళకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో కూడా దంత విభాగం ఉంటుంది.

వాపు ఏ రోజు, ఏ చోట మొదలైంది, భోజనంతో మారుతుందా, జ్వరం ఉందా, ఇప్పటిదాకా ఏ గోళీలు వేశారు, షుగర్, బీపీ, రక్తం పలచబరిచే మందులు, ఎలర్జీలు, పొగాకు అలవాటు, ఇవన్నీ చెప్పండి. గోళీల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ షీట్లు తీసుకెళ్ళండి. చెప్పులు వేసుకునే ముందు ఒకసారి పళ్ళు తోముకోండి. కట్టుడు పళ్ళుంటే డాక్టరు చూసేటప్పుడు తీసేయండి, వాటి కింద ఒరిసిన పుండే కారణమై ఉండొచ్చు.